తుక్కు విలువ: సున్నా

గొడుగు అడ్డం పెట్టుకుంటే నా మాట వినపడదనుకుంటున్నారా? అది వానకి పనికొస్తుందేమో గానీ పెళ్లానికి పనికిరాదండీ. మూయండి. మూసి ఇటు చూడండి. చూడరా? సరే, చూడకండి. నేను గొడుగుతోనే మాట్లాడతాను. అదైనా అప్పుడప్పుడూ కిర్రుమంటుంది.

శుక్రవారం సాయంత్రం నుంచీ ఇదే వరస. ఇవాళ ఆదివారం, మధ్యాహ్నం మూడు కూడా దాటింది. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని ఊచలు బిగిస్తారు, విప్పుతారు, మళ్లీ బిగిస్తారు. ఆ నల్ల గొడుక్కి పొద్దుట్నుంచి మూడుసార్లు ఊచలు మార్చారు. దానికే రోగమూ లేదని నాకు తెలుసు, మీకు తెలుసు, ఆ గొడుక్కి కూడా తెలుసు.

అదలా ఉంచండి. గుమ్మం దగ్గర ఆ సంచీ ఏంటి?

పనిముట్ల సంచీయా? అయితే అందులో పనిముట్లుండాలి కదా! రెండు చొక్కాలు, బ్రష్షు, మోకాలికి రాసుకునే నూనె ఎందుకున్నాయి? ఆఁ, చూశాను. తెరిచి మరీ చూశాను. మీ అన్నయ్యగారింటికే కదా ప్రయాణం? వెళ్లండి. నేనేమన్నా వద్దంటున్నానా? ఆయనా మీరూ ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ మాట్లాడకుండా ఉండండి, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది.

కాకపోతే రేపు పదింటి తర్వాత వెళ్లండి. రేపు పదింటికి మీరొక్కసారి మా ఆఫీసుకి రావాలి. వచ్చి ఓ పావుగంట కూర్చోవాలి. కొందరు పెద్దమనుషులు పనిగట్టుకుని మిమ్మల్ని చూడటానికి వస్తున్నారు.

ఎందుకో చెబుతాను. ముందు ఆ కాగితం సంగతి తేల్చేద్దాం.

శుక్రవారం మీరు ఊచలు చుట్టుకోవడానికి కాగితం కావాలని నా ఫైల్లోంచి ఒకటి లాగారు. ఇంట్లో ఇన్ని పాత పేపర్లుండగా మీ చేతికి అదే దొరకాలా? లాగినవారు చుట్టుకుని ఊరుకోవచ్చుగా? చదివారు! పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నేను రాసిన సరుకుల జాబితా ఒక్కసారీ చివరిదాకా చదవని మనిషి, ఆ కాగితం మాత్రం అక్షరం వదలకుండా చదివారు.

అవును. అది మీ గురించే.

‘గురక: రాత్రిపూట శబ్దం ఎక్కువ.’ మీరే. ‘కాఫీ: రోజుకి ఆరు విడతలు.’ ఇంకెవరు, మీరే. ‘వానాకాలంలో రాబడి, మిగతా కాలమంతా విశ్రాంతి.’ ‘మోకాలు మరమ్మతు చేయించాలి.’ ‘ఇంకో అయిదేళ్లు నడుస్తుంది.’ ‘తుక్కు విలువ: సున్నా.’

అక్కడే కదా మీకు కాలింది? నాకు తెలుసు. గురక దగ్గర నవ్వుకునే ఉంటారు. తుక్కు దగ్గరికొచ్చి ఆగిపోయారు.

తుక్కు విలువ అంటే తిట్టు కాదండీ. మా ఆఫీసులో ప్రతిదానికీ రాస్తాం. కంపెనీ ఏ మిషను కొన్నా, దాని పని అయిపోయాక పాత ఇనుం కొనేవాడికి వేస్తే ఎంతొస్తుందో ఒక గడిలో నింపాలి. బాయిలరుకి రాస్తాం, లారీకి రాస్తాం. మా ఛైర్మన్ గారి కుర్చీకి కూడా రాశాను, ముప్ఫై. మీకు సున్నా రాశానంటే, మిమ్మల్ని తుక్కుకి వేసే ఉద్దేశమే లేదని అర్థం.

కాదంటారా? సరే, కాదు. కోపంలో రాశాను. ఒప్పుకుంటున్నాను. ఇదిగో, నోటితో చెబుతున్నాను, ఒప్పుకుంటున్నాను!

అయినా కోపం ఎందుకు రాదు, మీరే చెప్పండి. వంటింట్లో సింకు పగిలి ఏడు నెలలైంది. కింద బకెట్టు పెట్టుకుని, నడుం వంచి గిన్నెలు కడుగుతున్నాను. కొత్త సింకు కోసం పైసా పైసా కూడబెట్టి మీ చేతిలో పెట్టాను. సింకు తేవడానికి వెళ్లిన మనిషి మూడొందల గొడుగులతో తిరిగొచ్చాడు! బస్సుల డిపోలో జనం మర్చిపోయిన గొడుగులట, వేలం వేశారట. “చవగ్గా వచ్చాయే” అన్నారు. చవగ్గా రాక ఏం చేస్తాయండీ? పిడి ఉన్నదానికి బట్ట లేదు, బట్ట ఉన్నదానికి ఊచ లేదు.

తా దూర కంత లేదు, మెడకో డోలు. మనిద్దరం కాళ్లు చాపుకోవడానికే చోటు చాలని ఇల్లు ఇది. మంచం కింద గొడుగులు, బీరువా మీద గొడుగులు, స్నానాల గదిలో గొడుగులు. నేను తల మీద నీళ్లు పోసుకుంటుంటే అటక మీంచి ఒకటి దానంతటది తెరుచుకుని నెత్తిన పడింది. గొడుగు కింద స్నానం చేసినదాన్ని లోకంలో నేనొక్కర్తినే అయ్యుంటాను.

ఆ మర్నాడు ఆఫీసులో భోజనాల వేళ చెల్లికి ఫోన్ చేసి ఏడ్చాను. అదేమందో తెలుసా? “అక్కా, నీ ఉద్యోగం ఏంటి? ఏ ప్రాజెక్టు ఉంచుకోవాలో, ఏది వదిలించుకోవాలో కంపెనీకి లెక్క కట్టి చెప్పడమే కదా. బావకి కూడా అదే లెక్క కట్టు. ఏం వస్తే అది చెయ్యి” అంది.

కట్టాను.

లెక్క ఎలాగో చెబుతాను, వినండి. ఇవాళ చేతిలో పడే వందా, ఇంకో అయిదేళ్లకి వస్తుందనే వందా ఒకటి కావు కదా. వస్తుందో రాదో ఎవడు చూశాడు? అందుకని ముందు ముందు వచ్చే రాబడిని ఏడాదికింత శాతం అని తగ్గించుకుంటూ ఇవాళ్టి విలువకి తెస్తాం. పెట్టాల్సిన ఖర్చు అందులోంచి తీసేస్తాం. ఏమైనా మిగిలితే ప్రాజెక్టు మంచిది. మిగలకపోతే దానికో దండం పెట్టి పంపించెయ్యాలి. నమ్మకం తక్కువైన చోట శాతం ఎక్కువ వేస్తాం, నమ్మకం ఎక్కువైన చోట తక్కువ వేస్తాం. మా కంపెనీలో మిషన్లకీ షెడ్లకీ పద్నాలుగు. మీకూ పద్నాలుగే వేశాను. మొగుడు కదా అని పక్షపాతం చూపించలేదు.

గడిచిన పద్దెనిమిదేళ్లూ ఆ లెక్కలో కలపలేదు. మా శాస్త్రం కలపొద్దంటుంది. పోయింది పోయినట్టే, ఇకమీద పెట్టేదీ ఇకమీద వచ్చేదీ మాత్రమే చూడాలి. సింకు డబ్బు కూడా కలపలేదు, చూశారా నా న్యాయం! నాకు విషజ్వరం వచ్చినప్పుడు మీరు గొడుగుల రిపేరు కొట్టు మూసేసి తొమ్మిది రోజులు మంచం పక్కనే కూర్చున్నారే, అదీ కలపలేదు. అదీ పోయిన ఖాతాయే కదా.

మీ వల్ల ఏడాదికి అన్ని ఖర్చులూ పోను మిగిలేది అయిదొందల ముప్ఫై. త్వరలో మోకాలి ఆపరేషన్‌కి పెట్టాల్సింది అయిదు వేలు. ఆయుష్షు అయిదేళ్లు, శాతం పద్నాలుగు. జవాబేమో మైనస్ మూడువేల నూట ఎనభై. చెల్లికి చూపిద్దామని అచ్చు తీసి ఫైల్లో పెట్టుకున్నాను. మీ చేతికి దొరికిన కాగితం అదే.

ఊఁ. గొడుగు ఇంకాస్త ఇటు తిప్పారు. తిప్పండి, తిప్పండి.

కానీ మీకు తెలిసింది కాగితం కథే. కంప్యూటర్లో జరిగింది తెలీదు. అది తెలిస్తే ఆ గొడుగు విసిరి నా నెత్తిన కొడతారేమో!

మా ప్రాజెక్టులన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో పేజీ. అన్నిటికంటే ముందు ‘మొదలు’ అని ఒక ఖాళీ పేజీ, అన్నిటికంటే చివర ‘ముగింపు’ అని ఇంకో ఖాళీ పేజీ. ఈ రెండింటి మధ్యా ఏ పేజీ వచ్చి కూర్చున్నా, దాని నలభయ్యో గడిలో ఉన్న జవాబు కంపెనీ విలువలో దానంతటదే కలిసిపోతుంది. పన్నెండేళ్ల కిందట నేనే చేసిన ఏర్పాటు అది. మెచ్చుకుని గోడ గడియారం బహుమతిచ్చారు, గుర్తుందా? అదేలెండి, మీరు బాగుచేస్తానని విప్పితే ఇప్పటికీ పెట్టెలో ముక్కలుగా ఉంది.

మీ పేజీ కూడా అదే నమూనా మీద వేశాను. తయారుగా ఉన్నదాన్ని వాడుకోక మొగుడి కోసం మళ్లీ గళ్లు గీస్తూ ఎవరు కూర్చుంటారు? దాన్ని ‘ముగింపు’కి అవతల, బయట పెట్టాను. గొడుగాయన అని పూర్తిగా రాస్తే ఎవరైనా చూస్తారని జి-1 అని పేరు పెట్టాను.

ఇంతలో వెనకాల దగ్గు వినపడింది. ఛైర్మన్ గారు! నా భుజం మీంచి తెరలోకి తొంగి చూస్తున్నారు. గాభరాలో మీ పేజీని పట్టుకుని పక్కకి లాగేశాను. అది ‘ముగింపు’ దాటి లోపలికి వెళ్లి, బాయిలరుకీ బొత్తాల మిషనుకీ మధ్య కూర్చుంది. మీరంతే, ఎక్కడికెళ్లినా ఇరుకు చూసుకుని మరీ కూర్చుంటారు.

గోరుచుట్టు మీద రోకటిపోటు ఇంకోటి. కంపెనీ పేజీలన్నీ వేలల్లో ఉంటాయి. అయిదు అని రాస్తే అయిదు వేలు అని. మీ పేజీ మాత్రం ఇంటి లెక్కలాగా మామూలుగా రాశాను. మీ పేజీలో నలభై ఎనిమిది వేలుంది. కంప్యూటరు దాన్ని నలభై ఎనిమిది వేల వేలనుకుంది. అంటే నాలుగు కోట్ల ఎనభై లక్షలు!

ఏంటి, ఊచ జారిందా? మైనస్ మూడువేలు నలభై ఎనిమిది వేలు ఎప్పుడైందనా? ఆగండి. దాని దగ్గరికీ వస్తాను.

కంపెనీని ఒక పెద్ద కంపెనీవాళ్లు కొంటున్నారని చెప్పానుగా? షేరు విలువ కట్టి వాళ్లకివ్వాల్సిన ఫైలు అదే. మా గొడుగులూ రెయిన్‌కోట్లూ, షెడ్లూ, మిషన్లూ, రాబోయే ప్రాజెక్టులూ అన్నీ కలిపితే రెండు కోట్లు. షేర్లు రెండు లక్షలు. కాబట్టి షేరుకి వంద. మీరు లోపలికెళ్లి కూర్చున్నాక షేరుకి మూడొందల నలభై.

నేను చూసుకోలేదు. ఛైర్మన్ గారు చూశారు. చూసి ఉలిక్కిపడాలా వద్దా? “నేననుకుంటూనే ఉన్నాను. వంద వంద అని నువ్వు నా ప్రాణం తీశావు గానీ, నా మనసులో అంకె ఎప్పుడూ మూడొందల పైమాటే” అన్నారు.

ఆయన పద్ధతి మీకు చెబుతూనే ఉంటాను కదా. జవాబు ముందు, లెక్క తర్వాత. ఒక చీటీ మీద అంకె రాసి పంపిస్తారు. ఆ అంకె వచ్చేదాకా నేను అంచనాలు సాగదీస్తూ పోవాలి. ఒకసారి రెయిన్‌కోట్ల అమ్మకం ఏడాదికి ముప్ఫై శాతం పెరుగుతుందని రాయించారు. అలాగైతే పదకొండో ఏటికి ఊళ్లో ప్రతి మనిషీ ఒకదానిమీద ఒకటి నాలుగేసి తొడుక్కు తిరగాలి. పసిపిల్లలు కూడా. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మా ఉద్యోగమంతా ఆ సోమలింగానికి ఇవాళ్టి విలువ కట్టడమే.

బుధవారం మీటింగు పెట్టారు. గోడ మీద పెద్ద తెర. ప్రాజెక్టుల జాబితా పడింది. రంగుల షెడ్డు, బాయిలరు, జి-1, బొత్తాల మిషను. అన్నిటికంటే పెద్ద అంకె జి-1 పక్కన! మీరు లోపలికెళ్లి కూర్చున్నారని అప్పుడు చూసుకున్నాను.

అది ఏ ప్రాజెక్టని ఒక్కరైనా అడగాలా? అడగలేదు. అడిగితే తమకి తెలీదని తేలిపోతుంది కదా! అందరూ గంభీరంగా తలలూపారు. ఛైర్మన్ గారు లేచి గొంతు సవరించుకుని, “జి-1 నాకు ఒకనాటి తెల్లవారుజామున తట్టిన ఆలోచన” అన్నారు.

మీరండీ! తెల్లవారుజామున! మీరు తొమ్మిదింటికి గానీ లేవరు.

ఫ్యాక్టరీ మేనేజరు ఊరుకుంటాడా? “జి-1 పనులు చురుగ్గా సాగుతున్నాయి సార్, నిన్ననే వెళ్లి స్వయంగా చూసొచ్చాను” అన్నాడు. చురుగ్గా అన్న మాటకి నేను తాగుతున్న నీళ్లు పొలమారి ముక్కులోంచి వచ్చాయి. పక్కనున్నాయన నా వీపు తట్టి, “ఆనందం మరీ అంత పనికిరాదమ్మా” అన్నాడు.

అప్పుడే చెప్పెయ్యాల్సింది. తెలుసు. నోరు తెరిచాను కూడా. కానీ ఏమని చెప్పను? ‘అయ్యా, తమరికి తెల్లవారుజామున తట్టినది మా ఆయన’ అని చెప్పనా? ఫైలు చంకలో పెట్టుకుని బయటపడ్డాను.

శుక్రవారం కొనేవాళ్ల తరఫున లెక్కలు చూసే ఆవిడ వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది, చెవి మీద పెన్సిలు. మా ఆఫీసు మొత్తంలో ఎవరూ చెయ్యని పని ఆవిడ చేసింది. మీ పేజీ చదివింది.

“రోజుకి ఆరుసార్లు కాఫీయా?” అంది.

“పొయ్యకపోతే నడవదండీ” అన్నాను.

ఆవిడ, “ఓహో, కాఫీ రంగు నూనె కాబోలు” అని తనలో తనే అనుకుని రాసుకుంది. “గురక అంటే మిషను మోత కాబోలు, రాత్రిపూట ఎక్కువని ఉంది. తగ్గించే మార్గం?”

“పక్కకి ఒత్తిగిలేలా తిప్పితే తగ్గుతుందండీ.”

“వానాకాలంలోనే పనిచేస్తుందేం?”

“దాని తత్వమే అంతండీ.”

“మోకాలంటే?”

“కింది భాగంలో ఉండే కీలండీ. అరిగింది.”

“ఎప్పుడు తయారైంది?”

“నలభై ఎనిమిదేళ్లండీ. వాళ్లమ్మగారు…” అనబోయి నాలిక్కరుచుకున్నాను. అమ్మగారంటే తయారు చేసిన కంపెనీ పేరనుకుందో ఏమో, అదీ రాసుకుంది.

“జి-1 అన్నారంటే జి-2 కూడా వస్తుందన్నమాట.”

“ఒక్కదాన్నే భరించలేకపోతున్నామండీ” అన్నాను.

నేను చెప్పినవాటిలో ఒక్క అబద్ధం ఉందేమో మీరే చూసుకోండి. ఇంకో ప్రశ్న కూడా అడిగిందావిడ. దానికి మాత్రం కాగితాలు సర్దుతున్నట్టు నటించాను. అది తర్వాత.

చివరికి పెన్సిలు మళ్లీ చెవి మీద పెట్టుకుని, “ఇంత విలువైనదాన్ని కళ్లారా చూడకుండా సంతకం పెట్టలేం. సోమవారం పదింటికి వస్తాం, చూపించండి” అంది. ఆవిడ అటు వెళ్లగానే ఛైర్మన్ గారు నన్ను పిలిచి, “జి-1ని శుభ్రంగా తుడిపించి ముందు హాల్లో పెట్టించు. కాస్త రంగు వేయిస్తే ఇంకా మంచిది” అన్నారు.

రంగు సంగతి నేనూ ఎప్పట్నుంచో చెబుతున్నాను. చెవుల దగ్గర మరీ తెల్లబడింది.

ఇప్పుడు నవ్వారు కదూ? నవ్వారు. గొడుగు కదిలింది, నేను చూశాను. దగ్గా? సరే, దగ్గే అనుకుందాం.

ఆ సాయంత్రం బస్సులో వస్తూ, ముందు మీకే చెబుదామనుకున్నాను. చెబితే పొట్ట పట్టుకు నవ్వుతారు, నవ్వాక ఏదో ఒక దారి చెబుతారు అనుకున్నాను. తలుపు తీసేసరికి మీరు కాగితం పట్టుకుని నిలబడి ఉన్నారు. దాన్ని నాలుగు మడతలు పెట్టి, బల్ల మీద ఉంచి, గొడుగు తెరుచుకుని కూర్చున్నారు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదండీ.

నిన్నంతా కూర్చుని ఒక ఉపాయం ఆలోచించాను. మీరొస్తారు. గొడుగులు బాగుచేసే కొత్త విభాగం అంటాం. వాళ్ల కళ్లెదుట ఓ రెండు గొడుగులు చకచకా విప్పి బిగిస్తారు. ఈ మూడొందల గొడుగులూ గోడ వారగా పేర్చి పెడతాం. వాళ్లు చూసి మురిసిపోయి సంతకం పెడతారు, ఛైర్మన్ గారికి డబ్బొస్తుంది, నా ఉద్యోగం నిలబడుతుంది, మనకి సింకొస్తుంది…

ఛీ. చెబుతుంటే నాకే సిగ్గుగా ఉంది. మీ ముందు చెబుతుంటే మరీను.

వద్దులెండి. మీరు రావద్దు. పొద్దున్నే వెళ్లి నిజం చెప్పేస్తాను. అయ్యా, షేరుకి వంద కంపెనీది, మిగతా రెండొందల నలభై మా ఆయనది, ఆయన అమ్మకానికి లేడు అని. ఉద్యోగం పోతుంది. తప్పకుండా పోతుంది. తెల్లవారుజామున తట్టిన ఆలోచనని నలుగురిలో కాదన్నాక ఎవరు ఉంచుకుంటారు? ఈ ఇంట్లోకి నెలనెలా వచ్చే జీతం అదొక్కటే, అదీ సింకులా పగిలితే దాని కింద ఇంకో బకెట్టు పెట్టుకోవాలి. పోతే పోనివ్వండి. మూడొందల గొడుగులున్నాయిగా. ఊచలు మీరు బిగిద్దురుగాని, బట్ట నేను కుడతాను.

ఏంటి? ఏమన్నారు?

అమ్మయ్య! రెండు రోజులకి నోరు విప్పారు. విప్పి ఏమడిగారయ్యా అంటే, లెక్క అడిగారు! మైనస్ మూడువేలు నలభై ఎనిమిది వేలు ఎలా అయింది అని. మా ఆఫీసులో ఒక్కడికి తట్టలేదే ఈ ప్రశ్న!

చెప్పక తప్పదా? అయితే ఆ గొడుగు అలాగే అడ్డం ఉంచండి. తియ్యకండి. అదుంటేనే నాకు చెప్పడం తేలిక.

మా పేజీలో కింద ఒక గడి ఉంటుంది. జవాబు మైనస్ వస్తే అందులో ఎర్రటి అక్షరాలతో ‘వద్దు’ అని దానంతటదే పడుతుంది. అదీ నేను పెట్టిందే. ఈ పన్నెండేళ్లలో ఎన్ని ‘వద్దు’లు చూశానో. రెండో లారీకి వచ్చింది, కాంటీన్ మేడకి వచ్చింది. దండం పెట్టి తర్వాతి పేజీకి వెళ్లిపోయాను. ఆ మధ్యాహ్నం మీ పేజీ మీద ‘వద్దు’ అని పడింది. తింటున్న ముద్ద డబ్బాలోనే వదిలేశాను.

నిజం చెప్పనా? ఆ రోజు నేను సరదాకి కట్టలేదు ఆ లెక్క. అది ‘వద్దు’ అంటే వెళ్లిపోదామనే కట్టాను. మీ సంచీ ఇవాళ గుమ్మంలో కనపడుతోంది. నా సంచీ ఆ వారమంతా మనసులో సర్దే ఉంది. చెల్లికి కూడా చెప్పాను, వస్తానని.

తీరా అది ‘వద్దు’ అన్నాక నాకు దాని మీద కోపమొచ్చింది. నువ్వెవరే చెప్పడానికి అనిపించింది. అచ్చు తీసిన కాగితాన్ని ఫైల్లోకి తోసేసి, మా ఛైర్మన్ గారి పద్ధతి పట్టాను. జవాబు ముందు రాసుకున్నాను. తర్వాత లెక్క దిద్దాను.

రాబడి ముట్టుకోలేదండీ. అయిదొందల ముప్ఫై అలాగే ఉంచాను. మీరు మారతారని రాస్తే అది పచ్చి మోసం. మోకాలి ఖర్చూ తియ్యలేదు. ఆయుష్షు గడిలో అయిదేళ్లు కొట్టేసి ‘ముగింపు లేదు’ అని పెట్టాను. ఆవిడ అడిగిన ఆఖరి ప్రశ్న అదే, ముగింపు లేకుండా ఎలా నడుస్తుందమ్మా అని. ఏం చెప్పను? ముగింపు లేనిదానికి తుక్కు విలువ రాయరు. ఆ గడి ఖాళీ అయిపోయింది. మీరు చదివిన సున్నా ఇప్పుడక్కడ లేదు, కావాలంటే వచ్చి చూసుకోండి.

ఇంకోటి, శాతం. పద్నాలుగు తీసేశాను. బ్యాంకులో దాచుకున్న డబ్బుకి కూడా నేను ఆరు వేస్తాను. మీకు ఒకటి వేశాను. ఏడాదికి అయిదొందల ముప్ఫై, ఒక్క శాతం, ఎప్పటికీ. ముగింపు లేనిదానికి ఏడాది రాబడిని ఆ శాతంతో భాగిస్తే చాలు. యాభై మూడు వేలు. మోకాలికి అయిదు వేలు పోను నలభై ఎనిమిది. ‘వద్దు’ పోయి నల్లటి అక్షరాలతో ‘ఉంచుకోవచ్చు’ అని పడింది. అప్పుడు డబ్బా మూత పెట్టి, మొహం కడుక్కుని వచ్చాను. ఆ తర్వాతే వెనకాల దగ్గు వినపడింది.

అదీ సంగతి. మూయమంటే మూయలేదు, ఇప్పుడెందుకు మూస్తున్నారు ఆ గొడుగు? వద్దన్నానా? అబ్బ, అలా చూడకండి. ఆ సంచీ తీసి లోపల పెట్టండి ముందు, వచ్చేపోయేవాళ్ల కాళ్లకి అడ్డం.

ఏంటి? మళ్లీ చెప్పండి?

ఒకటైనా ఎందుకు వేశావు, సున్నా వెయ్యకపోయావా అంటారా? చూశారా, చూశారా! రెండు రోజులు మాట్లాడని మనిషి, మాట్లాడగానే బేరం.

ముందు సున్నాయే వేశానండీ. దాంతో భాగించడం కుదరదని కంప్యూటరు మొరాయించింది. మళ్లీ వేశాను, మళ్లీ మొరాయించింది. ఇంక ఏం చెయ్యను? ఒకటితో సరిపెట్టుకున్నాను.